మా కప్పు కారింది పోపు వల్ల కాదు

ముందే చెప్పేస్తున్నాను. మా ఇంటి పైకప్పు కారింది మా అత్తగారి పోపు వల్ల కాదు. ఈ ఒక్క ముక్క ఇంగ్లీషులో రాయించుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాల్లో మా ఆయనతో పోట్లాడాను, ఇళ్ళ ఏజెంటుతో పోట్లాడాను, చివరికి ఇంటి ఓనరుతోనూ పోట్లాడాను. అందుకు నాకేమీ విచారం లేదు. ఇప్పటికీ ఎవరైనా కదిపితే మళ్ళీ మొదలుపెడతాను.

మేముండేది ఐర్లండులో, ములింగార్ అనే ఊళ్ళో, గోడకి గోడ అతుక్కుని ఉన్న రెండంతస్తుల ఇళ్ళ వరసలో. అద్దె ఇల్లు. వైద్య పరికరాలు తయారుచేసే ఫ్యాక్టరీలో నేను క్వాలిటీ ఇంజనీర్ని. ఏదైనా సరుకు చెడితే ఎందుకు చెడిందో తవ్వి తీసి రిపోర్టు రాయడం నా ఉద్యోగం. మా ఆయనది సాఫ్ట్‌వేరు, ఎక్కువగా ఇంట్లోంచే పని. మాకు తొమ్మిదేళ్ళ కూతురు. ఆ చలికాలం మా అత్తగారు భీమవరం నుంచి మూడు నెలలు ఉందామని వచ్చారు. వచ్చిన మర్నాడే వంటిల్లు నా చేతిలోంచి లాగేసుకున్నారు. నేనూ అడ్డం చెప్పలేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి వీధి గుమ్మం దగ్గరే ఇంగువ వాసన తగులుతుంటే ఎవరు కాదంటారు?

జనవరిలో మంచు పడింది. ఇక్కడ మంచు అంటే మామూలుగా పొద్దున్న పడి మధ్యాహ్నానికి బురదైపోయే వ్యవహారం. ఈసారి జానెడు మందాన పడి, కదలకుండా కూర్చుంది. పడిన రోజే ఏజెంటు నుంచి అద్దెకున్న వాళ్ళందరికీ ఒక మెసేజ్ వచ్చింది. అటకలో నీళ్ళ పైపులు గడ్డకట్టకుండా అటక తలుపు తీసి ఉంచండి, హీటింగ్ ఆపకండి, అని. ఇక్కడ అటక అంటే మన వంటింట్లో గంగాళాలు పెట్టుకునే అటక కాదు. పై అంతస్తు సీలింగుకీ వాలు కప్పుకీ మధ్య ఉండే చీకటి జాగా. మెట్లెక్కగానే నెత్తి మీద దానికో చెక్క తలుపుంటుంది. చెప్పిన మాట వినే రకం మనం. తలుపు బార్లా తీసిపెట్టాం.

మూడో రోజుకి మా చూరు వెంట వాననీళ్ళు పోయే గట్టరు నిండా మంచు గడ్డకట్టింది. దాని కింద మూరెడేసి పొడవున ఐసు పుల్లలు వేలాడుతున్నాయి. పాపకి తెగ నచ్చాయి. నేనూ ఫోటోలు తీసి చుట్టాలందరికీ వాట్సాప్‌లో పంపాను. ఆ పుల్లలు అందం కాదు, రోగమని అప్పటికి నాకు తెలీదు.

మా ఆయనకి ఆ బరువుకి గట్టరు ఊడిపడుతుందేమోనని బెంగ పట్టుకుంది. "వేడినీళ్ళు పోస్తే కరిగిపోదట్రా?" అన్నారు అత్తగారు. ముగ్గురికీ అది బ్రహ్మాండమైన ఆలోచనలా తోచింది. ఆవిడ పెద్ద గిన్నెలో నీళ్ళు మరగబెట్టారు. మా ఆయన పక్కింట్లో నిచ్చెన అడిగి తెచ్చి, కెటిలు పట్టుకుని ఎక్కాడు. పోసిన చోట గొయ్యి పడింది, పొగలొచ్చాయి, కింద మేం చప్పట్లు కొట్టాం. నాలుగు కెటిళ్ళు పోశాడు. గోదావరి జిల్లాలో పుట్టినవాళ్ళం, నీళ్ళు ఒకసారి మరిగాయంటే సాయంత్రం దాకా వేడిగానే ఉంటాయని మా ధీమా. ఆ నీళ్ళు గట్టరు గొట్టంలోకి దిగి అక్కడే గడ్డకట్టి, ఉన్న ఒక్క దారీ మూసేశాయి. మర్నాడు పొద్దున్నకి గడ్డ రెండింతలైంది.

ఆ సాయంత్రమే పాప గదిలో సీలింగు మూల పసుప్పచ్చగా మచ్చ కట్టింది. చూస్తుండగా ఉబ్బింది, బొట్టు బొట్టుగా దిండు మీద కారడం మొదలెట్టింది. "మమ్మీ, మై సీలింగ్ ఈజ్ క్రయింగ్" అంది పాప. మంచం జరిపి బకెట్టు పెట్టి ఏజెంటుకి ఫోన్ చేశాం.

ఏజెంటు మర్నాడే వచ్చింది, మర్యాదస్తురాలు. బూట్లు విప్పమని మేం అడగకుండానే విప్పింది కూడా. కానీ మేడెక్కి సీలింగు చూడకముందే వంటింట్లోకి తొంగి చూసి ఒకసారి గాలి పీల్చింది. అత్తగారు అప్పుడే చింతకాయ పప్పుకి పోపు పెడుతున్నారు. "రోజూ ఇలాగే వండుతారా?" అని అడిగింది. అవునన్నాను. ఆ తర్వాత ఆవిడ పైకెళ్ళి సీలింగు వంక చూసింది గానీ, సమాధానం కింద వంటింట్లోనే దొరికేసిందని నాకు అర్థమైపోయింది.

రెండు రోజుల్లో కాగితం వచ్చింది. అతిగా వంట చేయడం వల్ల పుట్టిన ఆవిరి పైకెక్కి నీరై సీలింగు పాడైందని, ఇకమీదట వేపుళ్ళూ పోపులూ మానుకుంటామని ఒప్పుకుంటూ కింద సంతకం పెట్టాలని. మార్చిలో లీజు తిరగరాసేటప్పుడు ఈ సంగతి ఓనరు లెక్కలోకి తీసుకుంటారని కూడా ఉంది. అంటే మర్యాదగా చెప్పిన మాట ఏంటంటే, అత్తగారి వంట మీద నేరం మోపి సంతకం పెడితే ఇల్లు, లేకపోతే వీధి.

"పెట్టేద్దాం" అన్నాడు మా ఆయన. "ఈ ఊళ్ళో ఇల్లు దొరకడం ఎంత కష్టమో నీకు తెలీదా? మొన్న ఆ చివరిల్లు ఖాళీ అయితే చూడ్డానికి రోడ్డు దాకా లైను కట్టారు. పాప స్కూలు ఇక్కడే. ఒక సంతకం, అంతే కదా."

"మీ అమ్మ వంట వల్ల ఇల్లు కూలిందని మీరే సంతకం పెడతారా?"

"కూలిందని ఎక్కడ రాశారు?"

"పెట్టనండి. మీరు పెట్టినా చింపేస్తాను."

అంత మాటన్న నేనే, అదే రోజు, వంటింట్లో అత్తగారితో, "కొన్నాళ్ళు పోపులూ వేపుళ్ళూ కాస్త తగ్గిద్దాం అత్తయ్యగారూ" అన్నాను. నెమ్మదిగానే అన్నాను. గొడవ సద్దుమణిగేదాకా అని కూడా అన్నాను. "అలాగేనమ్మా" అన్నారావిడ.

తగ్గించలేదు, మానేశారు. మర్నాడు పొయ్యి వెలిగించలేదు. పొద్దున్న రొట్టె ముక్కలు పాలల్లో ముంచుకుని తిన్నారు, మధ్యాహ్నం చద్దన్నంలో పెరుగు, మళ్ళీ ఆవకాయ వాసన వస్తుందేమోనని దాని సీసా మూత కూడా తీయలేదు. నేను వండుతానంటే వద్దన్నారు. హైదరాబాదులో ఉన్న ఆడపడుచుతో ఫోన్లో, "నా వంట వల్లే వీళ్ళ ఇల్లు కారిందటే" అని చెప్పుకోవడం గది బయటి నుంచి విన్నాను. ఆ తర్వాత కొడుకుని పిలిచి, టికెట్టు ముందుకి జరపడానికి వీలవుతుందేమో చూడమన్నారు. మంచం కింద పెట్టె బయటికొచ్చింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇల్లు పోతుందనే భయం ఒక పక్క ఉంది, కాదనను. కానీ డెబ్బై ఏళ్ళ మనిషి తన చేతి వంట వల్ల మనవరాలి గది నాశనమైందని నమ్మి విమానం ఎక్కితే, ఆ మాట ఇక ఎవరు చెరిపినా చెరగదు. ఆవిడ వెళ్ళేలోగా అసలు కారణం పట్టుకోవాలి. సంతకం సంగతి తర్వాత.

దారి చూపించింది ఒక పొరపాటు మాట. శనివారం పొద్దున్న అత్తగారు వీధి గుమ్మంలో నిలబడి ఉంటే, పక్కింటి పెద్దాయన తన వాకిట్లో మంచు ఎత్తిపోస్తూ పలకరించాడట. లోపలికి వచ్చి నాతో చెప్పారు.

"మన కప్పు చూపించి బోల్డు, బోల్డు అంటున్నాడమ్మాయ్. మంచు బోల్డు పడిందని కాబోలు. నేనూ అవునండీ, బోల్డు అన్నాను."

అన్నం పళ్ళెం ముందు కూర్చున్న పాప తలెత్తింది. "నానమ్మా, బోల్డ్ మీన్స్ నాటీ. రూఫ్ కెనాట్ బి బోల్డ్." ఈ దేశంలో అల్లరి పిల్లల్ని బోల్డ్ అంటారు. స్కూల్లో టీచర్ల నోట అది రోజూ వినే మాట.

గోదావరి జిల్లా బోల్డూ కాదు, ఐర్లండు బోల్డూ కాదనిపించి నేను కోటు తగిలించుకుని బయటికెళ్ళాను. పెద్దాయన మళ్ళీ మా కప్పు కేసి చెయ్యి చూపించి అదే మాటన్నాడు. నాకు అర్థం కాలేదని కనిపెట్టి, ఉన్ని టోపీ తీసి తన నున్నటి గుండు తట్టి చూపించాడు. బట్టతల. ఆయనన్నది బాల్డ్, మీ కప్పుది బట్టతల అంటున్నాడు.

అప్పుడు చూశాను. వారం నుంచి ఐసు పుల్లల ఫోటోలు తీసిన దాన్ని, ఒక్కసారి తలెత్తి పైకి చూడలేదు. వరసలో ఎనిమిది కప్పులు. ఏడింటి మీద మంచు పరుపు పరిచినట్టు తెల్లగా ఉంది. మాది మాత్రం నడినెత్తిన కరిగి నల్లటి పలకలు కనపడుతున్నాయి, అంచున మాత్రం గడ్డ. వంటలు అందరూ చేసుకుంటారు. కప్పు కరిగింది మాదొక్కటే.

పెద్దాయన వయసులో ఉన్నప్పుడు కప్పులు వేసే పని చేశాడట. చేతిలో పార కొసతో మంచు మీద గీసి మరీ చెప్పాడు. ఇంట్లో వేడి అటకలోకి పోతే కప్పు వెచ్చబడి, మంచు అడుగు నుంచి కరుగుతుంది. ఆ నీళ్ళు వాలు వెంట జారి చూరు దగ్గరికి వస్తాయి. చూరు గోడ దాటి బయటికి ఉంటుంది, దానికింద ఇంటి వేడి ఉండదు, అక్కడ మళ్ళీ గడ్డకడతాయి. పెనం మీద నెయ్యి మధ్యలో కరిగి అంచున పేరుకున్నట్టు. గడ్డ పెరిగి గట్టులా అడ్డం నిలబడితే వెనక వచ్చే నీళ్ళకి దారి ఉండదు. నిలవ నీరు పలకల కిందికి ఎదురెక్కి లోపలికి దిగుతుంది. "కిందనుంచి ఆవిరి కాదమ్మా, పైనుంచి నీళ్ళు" అన్నాడు. ఆ మాటకి ఆయనకి దణ్ణం పెట్టాలనిపించింది. మా వేడినీళ్ళ సంగతి చెబితే మాత్రం టోపీ మళ్ళీ తలకి పెట్టుకుని, ఇంకోసారి ఆ పని చేస్తే నిచ్చెన ఇవ్వనన్నాడు.

మా ఆయనా నేనూ టార్చి పట్టుకుని అటక ఎక్కాం. సంతకం పెడదామన్న మనిషి నాకంటే ముందెక్కాడు, అది ఆయన ఖాతాలో వేస్తున్నాను. అక్కడ చూసింది చూసినట్టు చెబుతాను. బాత్రూం ఫ్యాను గాలిని బయటికి మోసుకెళ్ళాల్సిన గొట్టం కప్పు దాకా వెళ్ళనే లేదు, ఊడిపోయి మధ్యలో పడుంది. మేం స్నానం చేసిన ప్రతిసారీ ఆ ఆవిరంతా అటకలోనే. ఇంటి వేడి పైకి పోకుండా సీలింగు మీద దుప్పటిలా పరిచి ఉండాల్సిన దూది, పైపుల పని కోసం ఎవరో పక్కకి నెట్టి అలాగే వదిలేశారు. ఇక హాట్ ప్రెస్. ఇక్కడ అలమారాని ప్రెస్ అంటారు, వేడినీళ్ళ సిలిండరు పెట్టే అలమారా హాట్ ప్రెస్. అందులోంచి పైపులు అటకలోకి వెళ్ళే కన్నాల్లో నా చెయ్యి మోచేతి దాకా దూరింది. వీటన్నిటి మీదా మేం తెరిచిపెట్టిన అటక తలుపు ఒకటి. ఫ్రిజ్‌లో పెట్టుకునే థర్మామీటరు పైకి తీసుకెళ్ళి చూస్తే, బయట సున్నాకి కింద ఉన్న రోజు అటకలో పద్నాలుగు డిగ్రీలు. వంటింటి ఫ్యాను గొట్టమా? అది కింద గోడలోంచి నేరుగా పెరట్లోకి పోతుంది. అటకకీ దానికీ ఏ చుట్టరికమూ లేదు.

తలుపు మూసేశాం. గడ్డని సుత్తితో కొట్టొద్దని, పలకలు పగులుతాయని పెద్దాయన ముందే చెప్పాడు. పాత మేజోళ్ళలో గిన్నెలు కడిగే మిషనులో వేసే ఉప్పు కూరి, గడ్డకి అడ్డంగా, ఒక కొస గట్టరు బయటికి వేలాడేలా పడుకోబెట్టమన్నాడు. నేను వేసిన ముడి ఊడి ఉప్పంతా నేల పాలైంది. గదిలోంచి చూస్తున్న అత్తగారు వచ్చి, మిగతా నాలుగూ ముడేసి ఇచ్చి, మళ్ళీ గదిలోకి వెళ్ళిపోయారు. పెద్దాయన నిచ్చెన పట్టుకుంటే మా ఆయన వాటిని పైన పెట్టాడు. సాయంత్రానికి ఉప్పు ఉన్న చోటల్లా గడ్డలో కాలవ తెగి, నిలవ నీళ్ళు బయటికి కారాయి. మర్నాటికి పాప గదిలో బకెట్టు ఖాళీ.

ఇక రిపోర్టు రాశాను. ఫ్యాక్టరీలో ఎలా రాస్తానో అలాగే. ఎనిమిది కప్పుల ఫోటో, ఊడిన గొట్టం ఫోటో, థర్మామీటరు, అటక తలుపు తీయమన్న ఏజెంటు మెసేజ్. మేం వేడినీళ్ళు పోసి గట్టరు గొట్టం మూసేసిన సంగతీ రాశాను. "అది రాయడం దేనికి, మనమీదకే వస్తుంది" అన్నాడు మా ఆయన. వస్తే రానీ అన్నాను. మా తప్పు మేం రాసుకుంటే వాళ్ళ తప్పు వాళ్ళు చదువుతారు. కింద ఒక వాక్యం పెట్టాను: మీరు పంపిన కాగితం మీద సంతకం పెట్టడం లేదు, పెట్టబోం.

ఏజెంటు నుంచి జవాబు రాలేదు. ఓనరే వస్తానని కబురు పెట్టాడు. ఆయన వచ్చే రోజు నేను సెలవు పెట్టాను. పోపు పెట్టమని అత్తగారిని బతిమాలితే గదిలోంచి కదలలేదు. దాంతో నేనే మొదలెట్టాను. ఆవాలు, జీలకర్ర, ఇంగువ, లెక్కకి మించి ఎండుమిరపకాయలు. ఓనరు గుమ్మంలో అడుగుపెట్టడం, దగ్గడం ఒకేసారి జరిగాయి. క్షమించమని అడగలేదు నేను. తిన్నగా పెరట్లోకి తీసుకెళ్ళి, గోడలో ఉన్న గొట్టం చూపించాను. మా పోపు పొగంతా అక్కడినుంచి బయటికొస్తోంది. "మా వంట ఇక్కడికి వస్తుందండి" అన్నాను. తర్వాత మేడ మీదికి తీసుకెళ్ళి బాత్రూం ఫ్యాను వేసి, ఆయన్ని అటకలోకి ఎక్కించాను. ఊడిన గొట్టం ఆయన మొహం మీదే ఊదింది.

దిగి వచ్చి చేతులు దులుపుకుని, "ఫెయిర్ ఇనఫ్" అన్నాడు. గొట్టం బిగిస్తాం, కన్నాలు పూడుస్తాం, దూది మందంగా పరిపిస్తాం, సీలింగు వేయిస్తాం, లీజుకి ఢోకా లేదు, ఇక ఆ విషయం మర్చిపోదాం, ఆల్ గ్రాండ్, అంటే ఇక్కడి మాటలో అంతా బాగే, అన్నాడు. మా ఆయన మొహం వికసించింది.

"గ్రాండ్ కాదండి" అన్నాను. "మా వంట మీద మీరు కాగితం రాశారు. కాదని కూడా కాగితమే రాయాలి."

మా ఆయన నా మోచేతి మీద గిల్లాడు. నేను పెన్ను ఓనరు ముందుకి జరిపాను. ఆయన పెన్ను తీసుకున్నాడు. ఆ పాత కాగితం మీదే వంట గురించిన వాక్యాలు అడ్డంగా కొట్టేసి, నీరు చేరింది కప్పు లోపం వల్ల, వంటకి సంబంధం లేదు అని రాసి, కింద సంతకం చేశాడు. చెడ్డవాడేం కాదు. కానీ నేను అడగకపోతే రాసేవాడు కాదు.

ఆయన వెళ్ళగానే ఆ కాగితం పట్టుకుని అత్తగారి గదిలోకి దాదాపు పరిగెత్తాను. పెట్టె మంచం మీద తెరిచి ఉంది, సగం చీరలు సర్దేసి ఉన్నాయి. ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పాను. ఆవిడ విన్నారు. ఇంకోసారి చెప్పమన్నారు, చెప్పాను. సంతోషిస్తారని చూస్తున్నాను.

"వాళ్ళంటే పరాయివాళ్ళు, మనల్ని ఎరగరు" అన్నారు. "నువ్వెందుకు అన్నావమ్మాయ్?"

"నేను కాస్త తగ్గిద్దామన్నానంతే కదా అత్తయ్యగారూ..."

"తగ్గిద్దామంటే నావల్లేనని నువ్వూ అనుకున్నట్టేగా."

చూడకుండా కారణం చెప్పకూడదని ఫ్యాక్టరీలో కొత్తవాళ్ళకి నేర్పేది నేను. అందరికీ ఎదురు నిలబడి నోరు పారేసుకున్నదాన్ని, ఆవిడ దగ్గర మాత్రం సాకు వెతుక్కున్నాను. ఇల్లు పోతుందని భయపడ్డాను అన్నాను. అది నిజమే గానీ మొత్తం నిజం కాదు. ఏజెంటు మా వంటింట్లో గాలి పీల్చిన ఆ క్షణాన, కప్పు గురించి నేనేమీ ఆలోచించలేదు. మా ఇంటి వాసనకి నాకు సిగ్గేసింది. రోజూ గుమ్మంలో నేను ఎదురుచూసే ఇంగువ వాసనకే. ఆ సిగ్గుతోనే తగ్గిద్దామన్నాను. అది కూడా చెప్పేశాను.

అత్తగారు చేతిలో ఉన్న చీర మడత పెట్టడం ఆపారు.

"ఇల్లు పోతే ఇంకోటి చూసుకుంటాంలే. నా వంటకి నువ్వే సిగ్గుపడితే నేనెక్కడికి పోను?"

నా చేతిలో ఓనరు సంతకం ఉంది. దాంతో ఈ మాటకి ఏ జవాబూ రాదు. కాగితం పక్కన పెట్టి, ఆవిడ ముందు నేల మీద కూర్చుని, తప్పు నాదేనన్నాను. ఆవిడ చేతిలో చీర పక్కన పెట్టారు. తర్వాత పెట్టెలోంచి ఒక్కొక్క చీరా తీసి నా ఒళ్ళో పెడుతూ, టికెట్టు మార్చొద్దని వాడికి చెప్పు అన్నారు.